ఆమె పేరు మీద ఎవరో నడిపిన ఖాతా: ఒక ఐడీ చోరీ కేసు

నేను లాయర్‌ని. ఈ కేసులో నా క్లయింట్‌కు 27 ఏళ్లు. సొంతూరు జగిత్యాల దగ్గర. ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తుంది. 2025 ఆగస్టులో స్కూటీ కొనుక్కుందామని లోన్‌కు పెట్టుకుంటే షోరూమ్‌లోనే తిరగ్గొట్టారు. పాత లోన్లు మూడున్నాయట, మూడూ కట్టలేదట. ఆమె అప్పటిదాకా చేసిన అప్పల్లా తోటి ఉద్యోగుల దగ్గర చేబదుళ్లే. ఆమె ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఈ కేసు రాస్తున్నాను.

ఆఫీసుకు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికే రికవరీ వాళ్లు ఎక్కడ పట్టారో గానీ ఆమె నంబరుతో పాటు ఆఫీసు నంబరు కూడా పట్టారు. వాళ్లలో ఒకడు బేరం పెట్టాడు: 38,000 అప్పుకు 14,000 కడితే ఫైలు క్లోజ్. తండ్రి ఆ డబ్బు జేబులో పెట్టుకునే వచ్చాడు. "పైసలు పోతే పోయినయి సారూ. ఆడపిల్ల. రేపు సంబంధం వచ్చినోళ్లు ఏమనుకుంటరు? కట్టి వదిలించుకుంటం" అన్నాడు.

కట్టొద్దన్నాను. ఇలాంటి కేసులో ఒక్క రూపాయి కట్టినా ఆ అప్పు మనదేనని ఒప్పుకున్నట్టు లెక్క. తర్వాత నేను ఎన్ని నోటీసులు రాసినా అవతలివాళ్లు ఆ రసీదు తీసి ముందు పెడతారు. పైగా బేరమాడి తీర్చిన అప్పు సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్రలో) 'సెటిల్డ్' అని పడుతుంది. దాన్ని ఏ బ్యాంకూ మంచిగా చదవదు. ఇవన్నీ ఆయనకు చెప్పాను గానీ, నాకు అసలు టెన్షన్ పెట్టిన సంగతి వేరు. డిజిటల్ లోన్ డబ్బు మామూలుగా అప్పు తీసుకున్న మనిషి బ్యాంకు ఖాతాలోకే నేరుగా పడాలని ఆర్‌బీఐ నిబంధన. లోన్లు పాస్ అయ్యాయంటే ఈమె పేరు మీద, ఈమెకు తెలియకుండా, ఎక్కడో ఒక ఖాతా నడుస్తుండాలి. అప్పు మన నెత్తిన పడితే మహా అయితే బాకీదారులం అవుతాం. ఖాతా మన పేరున ఉంటే ముద్దాయిలం అవుతాం. ఐడీ చోరీ కేసు ఏది వచ్చినా నేను ముందు వెతికేది ఆ ఖాతానే.

రిపోర్టులు

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్: మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఈ నాలుగు సంస్థలూ (క్రెడిట్ బ్యూరోలు) ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయించాను. ఒక దాంట్లో కనిపించని ఎంక్వైరీ (లోన్ అడిగినప్పుడు కంపెనీ మన రిపోర్టు చూసిన గుర్తు) ఇంకో దాంట్లో కనిపిస్తుంది. రిపోర్టు చేతికి రాగానే అందరూ స్కోర్ చూసి ఏడుస్తారు. పనికొచ్చే సమాచారం ఉండేది వ్యక్తిగత వివరాల పేజీలో. ఈమె రిపోర్టులో రెండు ఫోన్ నంబర్లు ఈమెవి కావు. ఒక ఈమెయిల్ ఐడీ ఈమె పేరుకు నాలుగంకెలు తగిలించి చేసింది. అమీర్‌పేటలో ఈమె ఎన్నడూ ఉండని అడ్రసు ఒకటి ఉంది.

లోన్లు మూడు. యాప్ ద్వారా ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఇచ్చిన పర్సనల్ లోన్ 38,000. మొబైల్ ఫోన్ కొనడానికి ఇంకో కంపెనీ పెట్టిన ఈఎంఐ 24,999. మూడో చోట 15,000 క్రెడిట్ లైన్ (కావాల్సినప్పుడు వాడుకునే అప్పు). మూడూ జూన్ మొదటి రెండు వారాల్లోనే తీశారు. అవే రోజుల్లో ఇంకొన్ని చోట్ల ప్రయత్నించి విఫలమైన ఎంక్వైరీలు కూడా ఉన్నాయి. ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను.

ఏప్రిల్ 17 మధ్యాహ్నం

మైఆధార్ పోర్టల్‌లో 'అథెంటికేషన్ హిస్టరీ' అని ఒకటి ఉంటుంది. మన ఆధార్‌ను ఎప్పుడు, ఏ సంస్థ, వేలిముద్రతోనా ఓటీపీతోనా సరిచూసిందో వరసగా చూపిస్తుంది. ఆరు నెలల వరకే దొరుకుతుంది. ఆగస్టులో వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకో రెండు నెలలు గడిచి ఉంటే ఈ కేసులో అతి ముఖ్యమైన సాక్ష్యం చేతికి అందేది కాదు.

ఆ జాబితాలో ఏప్రిల్ 17 మధ్యాహ్నం గంట వ్యవధిలో మూడు వరుసలు కనిపించాయి. రెండు ఒక టెలికాం కంపెనీవి, వేలిముద్రతో. ఒకటి ఒక ప్రైవేటు బ్యాంకుది, ఓటీపీతో. ఆ బ్యాంకులో తనకు ఖాతా లేదంది.

"ఆ రోజు ఎక్కడున్నారమ్మా?" అని అడిగితే గుర్తు రాలేదు. ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తీసి ఏప్రిల్ 17కు వెళ్లమన్నాను. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర టీ కొట్టుకు 20 రూపాయలు. దానికి కొంచెం ముందు ఎవరో వ్యక్తి పేరున 1,500. ఆ 1,500 చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

ఉద్యోగం మారదామని అప్పట్లో ఒక జాబ్ కన్సల్టెన్సీకి వెళ్లింది. రిజిస్ట్రేషన్ ఫీజు 1,500. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటూ ఆధార్, పాన్ జిరాక్స్‌లు తీసుకున్నారు. చిన్న మెషీన్ మీద వేలు పెట్టమన్నారు, సరిగ్గా పడలేదని మళ్లీ పెట్టమన్నారు. కంపెనీ శాలరీ అకౌంట్ ఇక్కడే తెరిచేస్తామని ఫోన్ ముఖం ముందు పెట్టి కళ్లు ఆర్పమన్నారు, వచ్చిన ఓటీపీ చెప్పించుకున్నారు. ఆఫర్ లెటర్ రాలేదు. నెల తిరిగేసరికి ఆ గదికి తాళం పడింది. 1,500 పోయాయనుకుని ఊరుకుంది.

"ఇది ఫిర్యాదులో రాయొద్దు సార్, నేనే ఇచ్చినట్టు అవుతుంది" అని బతిమాలింది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పరువు పోతుందని 'నా పత్రాలు ఎవరికీ ఇవ్వలేదు' అని రాస్తారు. తీరా అప్పిచ్చిన కంపెనీ వాళ్ల సెల్ఫీ, వాళ్ల ఓటీపీ తీసి చూపిస్తే, ఆ ఒక్క అబద్ధంతో మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి. ఉద్యోగం కోసం ఇవ్వడం వేరు, అప్పు కోసం ఇవ్వడం వేరు. మోసపోయి ఇచ్చానని రాయడమే మన బలం. ఉన్నది ఉన్నట్టు రాయించాను.

ఆ రోజే చేసినవి

ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేయించాను. తర్వాత సంచార్ సాథీ పోర్టల్‌లో ఆమె పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూశాం. సొంత నంబరు కాక ఇంకో రెండు కనిపించాయి. సిబిల్ రిపోర్టులో ఉన్నవీ, కన్సల్టెన్సీలో రెండుసార్లు వేలు పెట్టించుకుని తీసినవీ అవే. ఆ పోర్టల్‌లో తెలియని నంబరు ఎదురుగా 'నాట్ మై నంబర్' అనీ, 'నాట్ రిక్వైర్డ్' అనీ వేరువేరుగా ఉంటాయి. మొదటిది 'ఇది నాది కాదు' అనడం. రెండోది 'నాదే, ఇక వద్దు' అనడం. నా దగ్గరకు రాకముందే ఆమె తమ్ముడు ఒక నంబరుకు రెండోది నొక్కేశాడు. పాపం సాయం చేద్దామనే చేశాడు. రెండో నంబరుకు సరైన బటన్ నొక్కి, మొదటిదాని గురించి ఆపరేటర్‌కు విడిగా లేఖ రాయాల్సి వచ్చింది. సిమ్ కట్ అయితే సాక్ష్యం పోతుందేమోనని కొందరు ఆగుతారు. ఆగక్కర్లేదు. దరఖాస్తు ఫారం, కాల్ రికార్డులు ఆపరేటర్ దగ్గర ఉంటాయి, పోలీసులు అడిగితే ఇవ్వాలి.

ఫిర్యాదు

1930కి ఫోన్ చేయాలా అని అడిగింది. ఆ నంబరు ముఖ్యంగా మన ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు, అది ఇంకా దారిలో ఉండగా ఆపడానికి. ఈమె డబ్బు పోలేదు, పేరు పోయింది. కాబట్టి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను. దానికి వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్‌ను జనం ఎఫ్‌ఐఆర్ అనుకుంటారు. కాదు. దాని ప్రింటు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాల్సిందే.

స్టేషన్‌లో "మీ డబ్బులేం పోలేదు కదమ్మా, అప్పిచ్చినోళ్లే వచ్చి కంప్లయింట్ ఇస్తారు" అని పంపించారు. ఐటీ చట్టం 66సీ ప్రకారం వేరేవాళ్ల పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం లాంటి గుర్తింపు వివరాలను మోసంతో వాడటమే నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నష్టం ఎంత అన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు. దానికి తోడు కంప్యూటర్, ఫోన్ లాంటివి వాడి ఇంకొకరిలా మోసగించడానికి 66డీ, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఇంకొకరిలా నటించి మోసగించడానికి 319, ఫోర్జరీ సెక్షన్లు పెట్టి, తేదీల పట్టిక జతచేసి మళ్లీ ఇచ్చాం. అయినా కదలకపోతే బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173(4) కింద పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అక్కడా కాకుంటే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చు గానీ ఆ అవసరం రాలేదు. ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకున్నాం.

ఎఫ్‌ఐఆర్ రాగానే దొంగ దొరుకుతాడని ఎవరికీ నేను చెప్పను. ఆ 1,500 ఎవరి పేరున పోయిందో, ఈఎంఐ మీద కొన్న ఫోన్ ఐఎంఈఐ (ఆ ఫోన్ గుర్తింపు నంబరు) ఏమిటో పోలీసులకు ఇచ్చాం. దర్యాప్తు ఇంకా నడుస్తోంది. నాకు ఎఫ్‌ఐఆర్ కావాల్సింది దానిమీద ఉండే తేదీ కోసం. ఆ తేదీ విలువ ఏమిటో తర్వాత నోటీసు వచ్చినప్పుడు తెలిసింది.

బ్యాంకు

ఎఫ్‌ఐఆర్ కాపీతో ఆ ప్రైవేటు బ్యాంకు బ్రాంచికి వెళ్లాం. పాన్ కొట్టి చూసి మేనేజర్ "ఖాతా మీ పేరు మీదే ఉంది మేడమ్, మరి ఫ్రాడ్ అంటారేంటి?" అన్నాడు. నిజానికి ఆయన మనకు దారి ఇచ్చాడు. ఖాతా ఆమె పేరున ఉంటే, ఖాతాదారుగా స్టేట్‌మెంటు, ఖాతా తెరిచిన కాగితాలు అడిగే హక్కు ఆమెదే. పోలీసులు లేఖ రాసి తెప్పించుకునేదాకా మనం ఎదురుచూడక్కర్లేదు. రెండు లేఖలు ఇచ్చాం. ఒకటి డెబిట్ ఫ్రీజ్ చేయమని (డబ్బు బయటికి పోకుండా ఆపమని), ఇంకొకటి కాగితాలు ఇమ్మని. ముందు గొణిగినా ఒరిజినల్ ఆధార్, ముఖం సరిచూసుకుని ఇచ్చారు.

స్టేట్‌మెంటు చూస్తే తండ్రికి చెమటలు పట్టాయి. జూన్ లోన్ డబ్బు పడిన కొద్ది నిమిషాల్లో యూపీఐలో బయటికి పోయింది. అది చిన్న భాగమే. మే నుంచి జూలై దాకా ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బు వేశారు, వేసింది వేసినట్టే బయటికి వెళ్లింది. మొత్తం 1,86,000. సైబర్ మోసగాళ్లు ఇలా అద్దెకు పెట్టుకునే ఖాతానే మ్యూల్ అకౌంట్ అంటారు. మనిషి ఎదురుగా రాకుండా ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాలో ఏడాదికి 2 లక్షలకు మించి జమ కాకూడదని ఆర్‌బీఐ పరిమితి ఉంది. దొంగలకు అది తెలుసు. పరిమితి లేకపోతే ఎంత తిప్పేవాళ్లో.

కేసు మలుపు తిరిగింది మాత్రం ఖాతా తెరిచిన ఫారంలో. అందులో రిజిస్టర్డ్ మొబైల్ కింద ఉన్నది కన్సల్టెన్సీ వాళ్లు తీసిన సిమ్ నంబరు. ఇలాంటి ఓటీపీ ఖాతాల ఓటీపీలు, అలర్టులు ఆధార్‌తో లింకైన మొబైల్‌కే వెళ్లాలని ఆర్‌బీఐ కేవైసీ మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఆమె ఆధార్‌కు లింకైంది పదేళ్లుగా వాడుతున్న సొంత నంబరు. బ్యాంకు ఆ నంబరుకే అలర్టు పంపి ఉంటే మే నెలలోనే బయటపడేది. ఈ ఒక్క పేరా రాసి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాక బ్యాంకు స్వరం మారింది. ఖాతా ఫ్రీజ్ చేసి, 'మోసంపై ఫిర్యాదు అందింది, విచారణలో ఉంది' అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఈ ఫైల్లో నేను అతి జాగ్రత్తగా దాచుకున్న కాగితం అదే.

వేరే రాష్ట్రం నుంచి నోటీసు

కొన్ని వారాలకు జగిత్యాల ఇంటికి ఉత్తరాదిలోని ఒక రాష్ట్రం పోలీసుల నోటీసు వచ్చింది. బీఎన్ఎస్ఎస్ 35(3) కింద విచారణకు హాజరుకావాలని. అక్కడెవరో మోసపోయి వేసిన డబ్బులో కొంత ఈ ఖాతాలోకి వచ్చింది. ఊళ్లో కానిస్టేబుల్ వచ్చి సంతకం తీసుకున్నాడని తండ్రి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చాడు.

ఇలాంటి నోటీసును పట్టించుకోకుండా పక్కన పడేయడం అన్నిటికన్నా ప్రమాదం. నోటీసుకు స్పందించి సహకరిస్తున్నంత కాలం, కారణాలు రాసి పెడితే తప్ప అరెస్టు చేయకూడదని ఆ సెక్షనే చెబుతుంది. స్పందించకపోతే ఆ రక్షణ పోతుంది. మా సమాధానంలో కొత్తగా చెప్పిందేమీ లేదు: మా ఎఫ్‌ఐఆర్, అథెంటికేషన్ హిస్టరీ, బ్యాంకు లెటర్, ఆ మూడు నెలలు ఆమె ఉప్పల్ ఆఫీసులో ఉన్నట్టు హాజరు పట్టీ. మా ఎఫ్‌ఐఆర్ తేదీ వాళ్ల నోటీసు కంటే ముందుది కావడంతో, పట్టుబడ్డాక అల్లిన కథ అనే మాట రాలేదు. దర్యాప్తు అధికారి ఫోన్‌లో మాట్లాడి, సాక్షిగా వాంగ్మూలం తీసుకుంటామన్నారు. తండ్రి ఆ 14,000 కట్టి ఊరుకుని ఉంటే, ఈ నోటీసు వచ్చిన రోజున చేతిలో ఒక సెటిల్‌మెంట్ రసీదు తప్ప ఏమీ ఉండేది కాదు.

అప్పిచ్చినవాళ్లు

మూడు కంపెనీలూ ముందు ఒకే పాట పాడాయి: మా రికార్డుల ప్రకారం లోన్ మీరే తీసుకున్నారు. డబ్బు ఇచ్చిన రెండు కంపెనీలైతే 'మీ ఖాతాలోకే వేశాం' అన్నాయి. ఖాతా సంగతి తేలేదాకా ఈ మాటకు జవాబు లేదు. బ్యాంకు లెటర్ చేతికొచ్చాక తేలికైంది. గ్రీవెన్స్ అధికారికి రాసిన లేఖల్లో 'దయచేసి నా పేరు తీసేయండి' అని ఒక్క ముక్క రాయలేదు. కాగితాలు అడిగాం. దరఖాస్తు చేసిన ఫోన్ డివైస్ ఐడీ, ఐపీ అడ్రసు, ఓటీపీ వెళ్లిన నంబరు, సెల్ఫీ దాని టైమ్‌తో సహా, కేవైసీ ఎక్కడి నుంచి తీసుకున్నారు, డబ్బు పంపిన యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు), మధ్యలో ఉన్న యాప్ కంపెనీ పేరు.

పర్సనల్ లోన్ కంపెనీ సెల్ఫీ పంపింది. లేత నీలం గోడ, పసుపు చుడీదార్, భుజం పక్కన సగం కనిపించే స్విచ్‌బోర్డు. జూన్ 3న లైవ్‌గా తీసిన ఫొటో అని వాళ్ల మాట. బ్యాంకు ఇచ్చిన ఏప్రిల్ 17 ఫొటో పక్కన పెడితే అదే గోడ, అదే చుడీదార్, అదే స్విచ్‌బోర్డు, చెవి మీద పడ్డ వెంట్రుక పాయ కూడా అదే. ఏప్రిల్‌లో తీసిన ఫొటోనే జూన్‌లో ఎక్కించారు. ఆధార్ ఈ-కేవైసీ చేశామన్న వాళ్ల మాట కూడా నిలబడలేదు, ఎందుకంటే అథెంటికేషన్ హిస్టరీలో జూన్ నెలలో ఒక్క ఎంట్రీ లేదు. రెండు ఫొటోలు ఒకే పేజీలో ప్రింటు తీసి పంపించాం. ఆ లోన్ రద్దు చేశారు.

క్రెడిట్ బ్యూరోలో డిస్ప్యూట్ కూడా పెట్టాం. రిపోర్టు మీద ఉండే కంట్రోల్ నంబరు వేసి, 'ఈ ఖాతా నాది కాదు' అన్న కారణం ఎంచుకోవాలి. అయితే బ్యూరో తనంతట తాను దేన్నీ తీసేయదు. అప్పిచ్చిన కంపెనీని అడుగుతుంది, కంపెనీ 'సరైనదే' అంటే అలాగే ఉంచుతుంది. కంపెనీతో తేల్చుకోకుండా బ్యూరో చుట్టూ తిరిగేవాళ్లు విసిగిపోయేది ఇందుకే. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఫోన్ ఈఎంఐ కంపెనీ 19 రోజులు ఆలస్యం చేసింది. అడిగితేనే 1,900 ఆమె అసలు ఖాతాలో పడ్డాయి. అదే కంపెనీ మీద ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు కూడా వెళ్లాం. అక్కడ లాయర్ ద్వారా ఫిర్యాదు చేయడానికి వీల్లేదు, కాబట్టి నేను రాసిపెట్టాను, ఆమె తన లాగిన్‌తో వేసుకుంది. రుసుము లేదు. మా వృత్తికి గిట్టకపోయినా మంచి ఏర్పాటే.

మూడో కంపెనీ మొండికేసింది. 15,000 కోసం ఆన్‌లైన్ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నోటీసు పంపి, ఆర్బిట్రేటర్‌ను కూడా తనే నియమించుకుంది. అలా ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఎంచుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ఆ అభ్యంతరంతో పాటు, అసలు ఒప్పందంపై సంతకమే ఆమెది కాదని, ఓటీపీ వెళ్లిన నంబరు మోసంతో తీసిందని జవాబిచ్చాం. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ కదా అని వదిలేస్తే ఎక్స్‌పార్టీ అవార్డు (మన వాదన లేకుండానే ఇచ్చే తీర్పు) వచ్చేస్తుంది. ఈ ఒక్క లోన్ మాత్రం రిపోర్టులో ఇంకా 'అండర్ డిస్ప్యూట్' అనే ఉంది.

మిగతా రెండూ పోయాక స్కోర్ కొంత కోలుకుంది. స్కూటీ లోన్ ఆమె జీతం పడే బ్యాంకే ఇచ్చింది. ఆ మధ్య మళ్లీ ఒక కలెక్షన్ ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, రద్దయిన ఆ 38,000 అప్పు గురించే. బాకీలు చేతులు మారినప్పుడు పాత జాబితాలు ఇలా తిరుగుతూనే ఉంటాయి. రద్దు లెటర్, ఎఫ్‌ఐఆర్ రెండూ ఒకే పీడీఎఫ్‌గా చేసి ఫోన్‌లో పెట్టుకోమని ముందే చెప్పాను. ఆమె దాన్ని వాళ్ల నంబరుకు పంపి, మాట్లాడేది ఏమన్నా ఉంటే ఈమెయిల్‌లో రాయమంది. మళ్లీ ఫోన్ రాలేదు.